నీలం తలుపు కోసం పోయి చింతచెట్టును వాటేసుకున్నాను

నవ్వొచ్చేవాళ్లు ముందే నోటికి కొంగు అడ్డం పెట్టుకోండి. ఊరు కాని ఊర్లో ఒక ఆడమనిషి కట్టెల దొంగగా పట్టుబడిన కథ ఇది. ఆ మనిషిని నేనే. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, రాతలో తప్పులుంటే సర్దుకోండి. నేను చేసిన తప్పు ముందు రాసిన తప్పులు ఎంతలే!

మా ఈరమ్మక్కది కోసిగి. ఏటా సుగ్గి, అదే కూలికి వలసపోయే కాలం, వస్తే చాలు, ఇంటికి తాళమేసి, బావతో కలిసి గుంటూరు దిక్కు మిరపకాయలు తెంపడానికి పోతుంది. ఆ తాళంచెవి అక్క మెడలో తాళిబొట్టు పక్కనే వేలాడుతుంది. రెంటిలో ఏది ఎక్కువ బరువో నన్ను అడగొద్దు.

పోయే ముందు ఇద్దరూ ఆదోనిలో మా ఇంట్లో కొన్నాళ్లు ఉంటారు. పగలు నేను పత్తి మిల్లు పనికి పోతాను. పొద్దు గూకితే అక్కాచెల్లెళ్లం టీవీ ముందు. అప్పట్లో ఒక సీరియల్ వచ్చేది. అత్త కుట్రలు, కోడలి కన్నీళ్లు, అవన్నీ నాకు. అక్క కళ్లు మాత్రం ఆ ఇంటి మీదే. నీలం తలుపు, ముందర అరుగు, వచ్చేవాళ్లు పోయేవాళ్లు.

"సుంకీ, సూసినావా? ఆ ఇంటికి ఎప్పుడూ తాళమే వెయ్యరు," అనేది.

రేపు లారీ ఎక్కాలి అనగా పొద్దున్నే మళ్లీ అంది: "ఆ ఇల్లు యాడుందో ఏమో. ఆ అరుగు మీద ఒక్కసారి కూసుంటే సాలు."

అంతే, నాలో వీరత్వం పాలు పొంగినట్టు పొంగింది. పాలైతే పొయ్యి ఆరిపోతుంది, నా వీరత్వానికి ఆ బుద్ధి కూడా లేదు. ఎమ్మిగనూరులో సిమెంటు పని చేసొచ్చిన మా బావను పట్టుకున్నాను.

"బావా, ఆ సీరియల్ ఇల్లు యాడిది?"

"ఇల్లు యాడిది మరదలా! ఆడంతా సెట్టే."

"సెట్టా?"

"ఊ. ఎమ్మిగనూరు అవతల సేన్లల్లో వేసినారంట. ఇంత పెద్ద సెట్టు! శానా దుడ్డు పోసినారంట దానికి."

మా దిక్కు చేను సేను అవుతుంది, చెప్పు సెప్పు అవుతుంది. ఇంక చెట్టు ఏమవుతుందో మీరే చెప్పండి. అంత దుడ్డు పోసి నాటారంటే అది మామూలు చెట్టా!

"సెట్టు దొరికితే ఇల్లు దొరికినట్టే, పదక్కా!" అన్నాను.

ఎమ్మిగనూరులో బస్సు దిగి టీకొట్టు ఆయన్ను అడిగాను. "అన్నా, సెట్టు యాడ?"

"ఏ సెట్టి? పత్తి సెట్టినా, నూనె సెట్టినా?"

"సెట్టి కాదన్నా, సెట్టు! టీవీవోళ్ల సెట్టు."

"ఓ, వాళ్లు బువ్వ తిన్న సింతసెట్టా? అట్ల సెప్పు. కాలవ దాటి పోండి, ఒకటే ఉంటాది."

చూశారా, ఎంత సులువుగా దొరికిందో! అక్క చెయ్యి పట్టుకొని ఎండలో ఈడ్చుకుపోయాను. చెట్టు ఉంది. చెట్టంటే చెట్టు! ఇల్లు మాత్రం లేదు. దూరంగా ఒక బండల మిద్దె, దాని పక్కన మేకల దొడ్డి, అంతే.

"ఇల్లు ఎనకల యాడో ఉంటాదిలేక్కా, ముందు దీన్ని పట్టుకో!" అని చెట్టును వాటేసుకున్నాను. అక్క అవతల నుంచి వాటేసుకుంది. చేతులు అందలేదు. అందాలని ఇద్దరం సాగుతూ ఉన్నాం.

"సెట్టు కొలుస్తాండారురో!"

మిద్దెలోంచి ఒక అవ్వ కట్టె ఎత్తుకొని వచ్చింది. "బొగ్గుల బట్టీవోళ్లు పంపినారా మిమ్మల్ని? అమ్మేది లేదని సెప్తి గదా!"

"మేము ఊరికే సెట్టు సూడనీకి వచ్చినామవ్వా!"

"అందరూ సూడనీకే వస్తారు. ఎనకనే గొడ్డలి వస్తాది!"

"టీవీలో సూసి వచ్చినాము!"

"ఏందీ! మా సెట్టును టీవీలో కూడా బేరానికి పెట్టినారా?"

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లు ఉంటారు. చెట్టు పేరు చెప్పి తన్నులు కొనుక్కోబోయింది నేనొక్కదాన్నే. అప్పుడు అక్క చెట్టు చాటు నుంచి నెమ్మదిగా బయటికి వచ్చింది.

"సెట్టు కోసం కాదవ్వా. నీలం తలుపు ఇల్లు ఉంటాది సూడు, దాని అరుగు మీద కూసోవల్లని వచ్చినా. రేపు సుగ్గికి పోతాండా."

అవ్వ కట్టె దించింది. నన్ను చూసింది, అక్కను చూసింది, చెట్టును చూసింది. ఇక నవ్వు! కట్టె ఊతం లేకపోతే పడిపోయేదే.

"ఓ పిచ్చిమొగాల్లారా! అది సెట్టు కాదే, సెట్టింగు! అట్టలతో, సెక్కలతో మా బీడులో ఇల్లు నిలబెట్టినారు. పనైపోతూనే పీక్కోని పాయిరి. రాండి, మిగిలింది సూపిస్తా."

మేకల దొడ్డికి అడ్డంగా ఆ నీలం తలుపు! రంగు పెచ్చులు లేచింది. పైనుంచి ఒక మేక, అత్తగారి లాగా, మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది. అక్క తలుపంతా చేత్తో తడిమింది.

"గొళ్లెం యాడవ్వా?"

"దానికి గొళ్లెమే లేదు తల్లీ. లోపల ఇల్లుంటే కదా తాళమేసేకి!"

నాకు ఏడుపొచ్చింది. అంత దూరం ఈడ్చుకొచ్చి అక్కకు చూపించింది ఇదా! అక్క మాత్రం ఫక్కున నవ్వింది.

"అట్లనా! ఇల్లుంటేనే తాళం. అంటే నాకు ఇల్లుందే సుంకీ!"

అని మెడలో తాళంచెవిని పిడికిట్లో పట్టుకుంది. నవ్వుతూనే ఉంది, కళ్లు మాత్రం తుడుచుకుంటూ ఉంది. అవ్వ మమ్మల్ని తన మిద్దె అరుగు మీదే కూర్చోబెట్టి జొన్నరొట్టె, చింతతొక్కు పెట్టింది. పొద్దు వాలేదాకా అక్క ఆ అరుగు దిగలేదు.

ఆ సీరియల్ ఎప్పుడో అయిపోయింది. సుగ్గి మాత్రం అయిపోలేదు. ఈ ఏడూ అక్క గుంటూరు దిక్కే ఉంది. పొద్దు గూకితే గుడారం నుంచి ఫోన్ చేస్తుంది.

"కోసిగికి పోయినావా? మా తాళం ఎట్లుంది?"

"గట్టిగుందిలేక్కా. నువ్వు ఎప్పుడొస్తావు?"

"ఇంగా సేనంతా కాయతో ఎర్రగనే ఉంది. అది సరే గానీ, మన సెట్టు ఎట్లుంది?"

ఇద్దరం నవ్వుతాం. నవ్వు అయిపోయాక కాసేపు ఎవరమూ ఫోన్ పెట్టెయ్యం.

అందుకని అయ్యలారా, అమ్మలారా, ఉరుకుంద ఈరన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరి నోట సెట్టు అన్న మాట విన్నా, "దానికి ఆకులున్నాయా అన్నా?" అని అడగనిదే నేను బస్సెక్కను.