పిన్ను తీయొద్దనే గ్లెనిస్

డబ్బో ఊళ్లో లాయరు గుమాస్తా గ్లెనిస్‌కి పోయినవాళ్ల ఇళ్లలో వీలునామాలు వెతకడం ముప్పై ఒక్క ఏళ్ల విద్య. బీరువా వైపు కన్నెత్తయినా చూడకుండా నేరుగా వంటింటి ఫ్రీజరు దగ్గరికి నడుస్తుంది. అక్కడ లేకపోతే బిస్కెట్ల డబ్బా, అదీ కాకపోతే కుట్టుమిషను సొరుగు. దొరికిన కాగితాలను పసిబిడ్డలా రెండు చేతుల్లో పట్టుకొని, అందరికీ ఒకటే పాఠం చెబుతుంది: "స్టేప్లరు పిన్ను తీయకండి. ఆ బెజ్జాలు చూస్తే, ఇక్కడింకో కాగితం ఉండేదేమోనని కోర్టువాళ్లకి అనుమానం." పిన్నులు పీకే పనిముట్టుని సొరుగులో దాచి, తాళంచెవి మెళ్లో వేసుకు తిరుగుతుంది.

మొన్న గొర్రెల ఆసామి క్లారీ పాస్కో పోయాడు. వీలునామా ఫ్రీజరులో మాంసం పొట్లాల కింద దొరికింది. ఆ సంబరంలో ఆఫీసుకొచ్చి, జిరాక్సు తీయబోతూ, గోటితోనే పిన్ను పీకేసింది. ఇక ఆ బెజ్జాల కథంతా అఫిడవిట్ రాసి కోర్టుని ఒప్పిస్తే తప్ప పొలం క్లారీ కూతురు నోయెలీన్ పేరు మీదికి రాదు. ఉన్ని కత్తిరించే రోజులేమో ముంచుకొస్తున్నాయి.

"మా నాన్న ఫ్రీజరులో ఆ పిన్ను ఆరేళ్లు చెక్కుచెదరలేదు గ్లెనిస్, నీ చేతిలో అరగంట ఉండలేకపోయింది," అంది నోయెలీన్.

"ఆ ముక్కా రాయిస్తానుండు," అంది గ్లెనిస్.

"పొరపాటున తీశానంటే చాలండీ," అన్నాడు కుర్ర లాయరు ఫెర్గస్.

"ముప్పై ఒక్క ఏళ్ల అనుభవంతో తీశానని రాయి అబ్బాయ్. ప్రమాణం చేసి అబద్ధమెలా చెప్పను?"

అఫిడవిట్ మీద సంతకం పెట్టాక దాని రెండు పేజీలనీ, స్టేప్లరునీ అతని ముందుకి తోసి, చేతులు వెనక్కి కట్టుకొని నిలబడింది.

"నువ్వే కొట్టు నాయనా. కొట్టాక నా చేతికి మాత్రం ఇవ్వకు."