కరెంటు లేదనుకున్న రందా

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆఫీసులకు బల్లలూ కుర్చీలూ చేసే ఒక షెడ్డులో నేను వడ్రంగిని. చిత్రిక పట్టడానికి మద్రాసు నుంచి తెప్పించిన కరెంటు రందా ఒకటి మా దగ్గర ఉండేది. చేత్తో పట్టుకుని తోస్తే చాలు, చెక్క అద్దంలా నునుపు తేలేది.

ఒక మధ్యాహ్నం నేను పని చేస్తుండగా కరెంటు పోయింది. రందాను బల్ల మీద పెట్టి మంచినీళ్ళకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మా పెద్దమేస్త్రీ వీరాచారి దాన్ని వెల్లకిలా తిప్పి బ్లేడ్లు మారుస్తున్నాడు.

"వైరు పీకల్ల గదా అన్నా?" అన్నాను.

"కరెంటే లేదు గదప్పా, ఏమైతాది" అన్నాడు.

ఆయనకో అలవాటు. అరిగిన పనిముట్టునైనా కళ్ళకద్దుకోకుండా పక్కన పెట్టడు. మేమంతా చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఆ రోజూ మొదటి బ్లేడు ఊడదీసి, రెండు చేతులతో కళ్ళకద్దుకున్నాడు.

సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. రందా గర్రుమని తిరుగుతూ బల్ల మీద నుంచి దొర్లిపడి, ఆయన పాదం పక్కన నేలను కోసుకుంటూ పోయింది. నేను పరుగెత్తి వైరు పీకాను.

వీరాచారి తన వేళ్ళకేసి చూసుకుంటున్నాడు. "మీట ఆపకుండా పోయిందెవరప్పా?" అన్నాడు.

"నేనే అన్నా."

ఆయన తిట్టలేదు. పాత బ్లేడు నా చేతిలో పెట్టి, "నువ్వూ కండ్లకద్దుకో" అన్నాడు. అద్దుకున్నాను. అది ఇంకా వెచ్చగానే ఉంది.

ఆ తర్వాత ఇన్నేళ్ళలో, ప్లగ్గు పీకి నా కాలి కింద పెట్టుకోకుండా బ్లేడు ముట్టింది లేదు. కరెంటు లేని రోజున మరీను.