తోలుచొక్కా తాతలు వచ్చిన ఆదివారం

ఆ రోజుల్లో మా దక్షిణాఫ్రికాకి అన్నీ ఒక్కసారే వచ్చాయి. ఓటు వచ్చింది, కొత్త జెండా వచ్చింది, ఇండియా నుంచి విమానాలు వచ్చాయి, వాటిలో చీరలూ సినిమా కాసెట్లూ ఇంజనీర్లూ దిగారు. అన్నేళ్లూ మా మీద అలిగి (అలగడం న్యాయమే, ఒంటి రంగు చూసి మనుషుల్ని విడదీసిన ప్రభుత్వం అప్పటిది) ఇటు తొంగి చూడని విదేశీ రాక్ బృందాలు కూడా ఒక్కొక్కటే రావడం మొదలుపెట్టాయి. చిక్కల్లా ఏమిటంటే, వాళ్ల పాటలు వింటూ మేం పెరిగి పెద్దవాళ్లమయ్యేలోగా వాళ్లు ముసలివాళ్లయిపోయారు. నా గది గోడ మీద సింహం జూలు లాంటి జుట్టుతో గాలిలోకి ఎగురుతున్న మనిషి, తీరా మా గడ్డ మీద కాలు పెట్టేసరికి, నెత్తికి రుమాలు చుట్టుకుని, మెట్లు దిగడానికి పక్కవాడి భుజం పట్టుకున్నాడు. పేపర్లో ఆ ఫొటో చూసి మా అవ్వ, "నీ తోలుచొక్కా తాతలు దిగినారే," అంది. ఆ పేరు మా ఇంట్లో స్థిరపడిపోయింది.

మాది పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఊళ్లో ఇండియన్లుండే రైస్‌థార్ప్ పేట. పెద్ద వీధిలో నాయనకి బట్టల కొట్టు ఉండేది, అందులో గుడ్డ కొలిచి కత్తిరించే పని నాది. ఆ పని చేతులకే కాబట్టి, నోరు ఖాళీగా ఉండేది. హార్డ్ రాక్ మీద నాకున్న అభిప్రాయాలన్నీ లంగా గుడ్డలు కొనడానికి వచ్చిన అమాయకుల మీద కురిపించేదాన్ని. తాతల మొదటి రికార్డు గొప్పదనేవాళ్లకి చెవులు లేవని, మూడోదే శిఖరమని, నాలుగోదానిలో కీబోర్డు చేర్చినవాడూ పప్పుచారులో పంచదార పోసినవాడూ ఒకటేనని, నెమ్మది ప్రేమపాట పాడిన రోజే ఏ బృందమైనా కొట్టు కట్టేయాలని, డ్రమ్ములవాడు ఒంటరిగా పావుగంట బాదేది మనం వెళ్లి టీ తాగి రావడానికేనని, పై స్థాయి అందని గాయకుడు మర్యాదగా ఇంట్లో కూర్చోవాలని నా తీర్పు. ఇరవై రెండేళ్ల వయసులో ఇంత స్పష్టంగా లోకం నాకు మళ్లీ ఎప్పుడూ కనబడలేదు. ఒకావిడ ఇదంతా ఓపిగ్గా విని, కొన్న గుడ్డ బల్ల మీదే మరిచిపోయి, పారిపోయినట్టుగా వెళ్లిపోయింది.

అలాంటి సమయంలో తాతలు డర్బన్ స్టేడియంలో ఆదివారం మధ్యాహ్నం కచేరీ చేస్తారని రేడియోలో చెప్పారు. కత్తెర నా చేతిలోంచి జారిపోయింది. నాయన రెండు రోజులు ఆలోచించి, ఆడపిల్లని ఒంటరిగా పంపేది లేదని, తోడు ఎవరైనా ఉంటే చూద్దామని అన్నాడు. మా ఇంట్లో తోడు అంటే మా మేనత్త. చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంటికి వచ్చేసి, వంటిల్లూ పూజగదీ నా భవిష్యత్తూ మూడూ తన చేతిలోకి తీసుకున్న మనిషి. ఆవిడకి అప్పటికే వేరే ఆలోచన ఒకటి ఉంది. సముద్రం ఒడ్డున ఉమ్‌కోమాస్ దగ్గర కాగితపు గుజ్జు తయారుచేసే మిల్లులో ఆంధ్రా నుంచి కొత్తగా వచ్చిన ఇంజనీరు ఒకడు పనిచేస్తున్నాడని, పెళ్లి కాలేదని, అసలు సిసలు తెలుగు మాట్లాడతాడని గుళ్లో ఎవరో చెప్పారట. "మిల్లు బాబు" అని అత్త అతనికి అప్పుడే పేరు పెట్టేసి, భోజనానికి పిలిచేసింది. అమ్మాయికి కూడా తెలుగు బాగా వచ్చని కబురు పంపింది.

ఇక్కడ నా తెలుగు గురించి చెప్పాలి. (ఇప్పుడు రాస్తున్నది ఆ తరవాత చాలా ఏళ్లు కష్టపడి నేర్చుకున్నది.) మా ఇంట్లో అందరం ఇంగ్లీషే మాట్లాడేవాళ్లం. తెలుగు అవ్వ నోటా, ఎప్పుడైనా అత్త నోటా మాత్రమే ఉండేది, అవ్వది ఎక్కువగా మమ్మల్ని తిట్టడానికే బయటికి వచ్చేది. కాబట్టి తినడాన్ని "మింగడం" అంటారని, రావడాన్ని "తగలడడం" అంటారని నేను మనస్ఫూర్తిగా నమ్మాను. పెద్దవాళ్లకి చివర "అండి" చేర్చాలని మటుకు అత్త నేర్పింది. మిల్లు బాబు వచ్చాడు. సన్నగా, నూనె రాసి దువ్విన తలతో, కళ్ల కింద నల్లటి చారలతో, చేతిలో మామిడిపళ్ల సంచితో గుమ్మంలో నిలబడ్డాడు. అత్త నన్ను ముందుకి తోసింది. నేను చీర సర్దుకుని, నేర్చుకున్న మర్యాదంతా గొంతులోకి తెచ్చుకుని, "ఎప్పుడు తగలడ్డారండి?" అని అడిగాను.

అతను మామిడిపళ్ల సంచి కింద పెట్టాడు. నవ్వలేదు. "ఇప్పుడే తగలడ్డానండి," అన్నాడు.

భోజనాల దగ్గర నేను ఇంకొంచెం పప్పు వడ్డిస్తూ "మింగండి" అన్నాను, అతను బుద్ధిగా మింగాడు. అవ్వ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఎందుకో నాకు అర్థం కాలేదు. భోజనం అయ్యాక అతన్ని నా అసలు పరీక్షకి కూర్చోబెట్టాను, ఇంగ్లీషులో. తాతల పాటలు విన్నావా అని అడిగితే కాలేజీ రోజుల నుంచీ వింటున్నానన్నాడు. ఏ రికార్డు గొప్పది అని అడిగితే, నా మొహం వైపు జాగ్రత్తగా చూస్తూ, రెండు... కాదు, మూడు అన్నాడు. నాకు ఆ తడబాటు కనబడలేదు, మూడు మాత్రమే వినబడింది. అతనికి కారు ఉంది, అత్తకి ఆశ ఉంది, నాకు కచేరీ ఉంది. ముగ్గురం వెళ్లడానికి నిర్ణయం జరిగిపోయింది.

ఆ ఆదివారం అతను సముద్రం ఒడ్డు నుంచి కొండెక్కి మా ఊరికి వచ్చి, మమ్మల్ని ఎక్కించుకుని, మళ్లీ సముద్రం వైపే, డర్బన్‌కి, దిగాడు. వెనక సీట్లో అత్త, ఆవిడ ఒళ్లో పులిహోర డబ్బా, చిల్లీ బైట్స్ పొట్లం (మీ పకోడీలే, మా ఊళ్లో ఆ పేరు). స్టేడియంలో మా సీట్లు సరిగ్గా స్పీకర్ల గోపురం కింద పడ్డాయి. నేను అదృష్టం అనుకున్నాను, అత్త చెవుల్లో దూది పెట్టుకుంది. మా వెనక గడ్డాల తెల్లవాళ్లు, బోయర్ అన్నదమ్ములు ఇద్దరు, ముందు వరసలో ఒక నల్లజాతి స్కూలు టీచరు, జులూ ఆయన, ఆయన భార్య. ఆ టీచరుకి మూడో రికార్డు మొత్తం నోటికి వచ్చు. ఇన్నేళ్లూ మేం వేరువేరు పేటల్లో, తలుపులు వేసుకుని, ఒకే పాటలు విన్నామని ఆ మధ్యాహ్నం తెలిసింది. అత్త పులిహోర అందరికీ పంచింది. బోయర్ అన్నయ్య రెండోసారి చెయ్యి చాపాడు.

తాతలు గంట ఆలస్యంగా వచ్చారు. ఎండ, దుమ్ము, పొట్టలో కొట్టినట్టుండే డ్రమ్ము. నాకు ఒళ్లు తేలిపోతున్నట్టు ఉంది. అంతా నిజంగానే జరుగుతోందని ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి మిల్లు బాబు వైపు తిరిగాను. అతను నిద్రపోతున్నాడు. కునికిపాటు కాదు. అత్త భుజం మీద తల వాల్చి, నోరు కొంచెం తెరిచి, పసిపిల్లాడిలా గాఢంగా నిద్రపోతున్నాడు. లోకంలోకెల్లా పెద్ద చప్పుడు అతని నెత్తి మీద మోగుతోంది. నేను లేపబోతే అత్త నా చెయ్యి పట్టుకుని ఆపి, నా చెవిలో అరిచి చెప్పింది: "లేపమాకే. పాపం అలిసిపోనాడు." వెనకాయన తన టోపీ తీసి అతని మొహానికి ఎండ తగలకుండా పెట్టాడు. నేను ఆ క్షణంలో పెళ్లి రద్దు చేసేశాను.

తరవాత మూడో రికార్డులోని ఆ పాట వచ్చింది. చివర్లో గొంతు ఆకాశానికి లేచే చోటు ఒకటుంది. నేను కొట్లో, స్నానాల గదిలో, బస్సులో వేలసార్లు కళ్లు మూసుకుని ఎక్కిన మెట్టు అది. గాయకుడు ప్రయత్నించాడు. గొంతు సగం దూరం వెళ్లి చిరిగిపోయింది. గిటార్లు ఆగాయి, డ్రమ్ములు ఆగాయి. ఆయన సిగ్గుపడలేదు. రుమాలుతో మొహం తుడుచుకుని, మైకు మా వైపు చాపాడు. ఆ చోటుని జనం పాడారు, టీచరూ బోయర్ అన్నదమ్ములూ అందరూ. నేను మాత్రం పాడలేకపోయాను. నోరు తెరిచాను గానీ ఏడుపు వచ్చింది. ఇంట్లో కూర్చోవాల్సిన మనిషి ఇంత దూరం మా కోసం వచ్చి, అందని చోట మమ్మల్ని చెయ్యందించమని అడుగుతున్నాడు. నా తీర్పులన్నీ ఏమయ్యాయో తెలియదు.

తిరుగు ప్రయాణంలో, చెరుకు తోటల మీద ఎండ పచ్చబడుతుండగా, పెట్రోలు కోసం ఒకచోట ఆగాం. అత్త కాఫీ తేవడానికి దిగింది. అంతసేపూ దాచుకున్న కోపం అప్పుడు బయటపడింది. ఇంగ్లీషులో మొదలెట్టాను గానీ అది సరిపోలేదు. దాంతో అవ్వ తెలుగు అందుకున్నాను. నీ మొహం మండ, నీ నిద్ర తగలెయ్య, దున్నపోతా, దిష్టిబొమ్మా అని నాకు వచ్చినదంతా, చివర "అండి" తగిలించి మరీ, ఏకరువు పెట్టాను. అతను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని విన్నాడు. అయ్యాక నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా ఒక్కొక్క మాటా విడివిడిగా అన్నాడు:

"ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ నన్ను తెలుగులో తిట్టినవాళ్లు లేరండి."

తరవాత నిజం చెప్పాడు. వారమంతా రాత్రి షిఫ్టట. దుంగలు ముక్కలు చేసే యంత్రం పక్కనే పనట, ఆ మోతకి అలవాటుపడి ఇప్పుడు నిశ్శబ్దంలో నిద్ర పట్టదట. తాతల పాట ఒక్కటి కూడా ఎప్పుడూ వినలేదట. మూడు అన్నది నా కళ్లు చూసి.

"మరి ఈరోజు కూడా వినలేదుగా," అన్నాను.

"ఒకచోట విన్నాను. అంతా ఆగిపోయింది చూడండి, అప్పుడు మెలకువ వచ్చింది. అందరూ పాడుతున్నారు, మీరు నోరు తెరుచుకుని ఏడుస్తున్నారు." స్టీరింగు మీంచి చేతులు తీసి, "అలా ఏడవగలిగే మనిషితో బతకొచ్చు అనిపించింది," అన్నాడు.

నాకు సగమే అర్థమైంది. మిగతా సగం అత్త కాఫీతో వచ్చాక అడుగుదామనుకుని, అడగలేదు. ఎందుకో అది నా దగ్గరే ఉంచుకోవాలనిపించింది. మర్నాడు కొట్లో నాకు ఎవరి మాటా సరిగ్గా వినబడలేదు, చెవుల్లో ఒకటే హోరు. రెండు మీటర్లు అడిగినవాళ్లకి మూడు కత్తిరించి ఇచ్చి నవ్వాను. ఆ హోరు తగ్గుతున్నకొద్దీ దిగులు వేసింది. అది పోతే ఆదివారం కూడా పోతుందేమోనని, రాత్రి దిండు మీద చెవి ఆనించి కదలకుండా పడుకునేదాన్ని. మరుసటి ఏడు మాకు పెళ్లయింది.

మొన్న ఇద్దరం చెవుల డాక్టరు దగ్గరకి వెళ్లాం. ముప్ఫై ఏళ్లు మిల్లులో పనిచేసిన మా ఆయన చెవులు భేషుగ్గా ఉన్నాయట. నా ఎడమ చెవే బాగా మందగించిందట. పెద్ద మోతలున్న చోట ఎప్పుడైనా ఉన్నారా అని ఆ కుర్ర డాక్టరు అడిగాడు. లేదనబోయి ఆగాను. ఎండలో, దుమ్ములో, లోకం గురించి అన్నీ తెలుసనుకుంటూ ఆ స్పీకర్ల గోపురం కింద నిలబడ్డ ఇరవై రెండేళ్ల పిల్ల కళ్లముందు మెదిలింది. చెవులు మూసుకో అని చెబితే వినే రకం కాదు. నేనూ చెప్పేదాన్ని కాదు. మంచి చోటే నిలబడింది.