పుస్తకానికి డబ్బింగ్

నిన్న మా అమ్మాయి బడి లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం తెరవగానే పాత కాగితం వాసన గుప్పుమంది. నా మూడో తరగతి గుర్తొచ్చింది.

అప్పుడు మేం ఫిల్మ్ నగర్‌లో ఉండేవాళ్లం. అమ్మ సినిమాలకు డబ్బింగ్ చెప్పేది. నాకేమో చదవడమంటే విసుగు. ఆ ఏడే మా బడిలో లైబ్రరీ పీరియడ్ పెట్టారు. టీచర్ నా చేతికొక కుందేలు కథ ఇచ్చి, "గట్టిగ చదవకు బిడ్డా, మనసుల చదువుకో. పుస్తకమే నీతోని మాట్లాడ్తది," అంది.

పెదాలు బిగించి చదివాను. నిజంగానే మాట్లాడింది. అచ్చం అమ్మ గొంతు!

సాయంత్రం అమ్మ స్టూడియో నుంచి రాగానే అడిగాను. "అమ్మా, కుందేలుకి డబ్బింగ్ చెప్పింది నువ్వేనా?"

అమ్మ నవ్వలేదు. కాస్త ఆలోచించి, "దానికి నేనే అయ్యుంటాను. మిగతా పుస్తకాలకి ఎవరు చెప్పారో నువ్వే విని నాకు చెప్పాలి," అంది.

అప్పట్నుంచి ఆ గొంతుల కోసమే వారం వారం పుస్తకాలు తెచ్చుకున్నాను. పులికి మా వాచ్‌మన్, రాజుగారికి లెక్కల మాస్టారు చెప్పినట్టు వినిపించేది. ఎవరిదో తెలియగానే అమ్మ దగ్గరికి పరిగెత్తేదాన్ని.

ఆ గొంతులన్నీ వెళ్లిపోయి, మనసులో చదువుకునే నా గొంతొక్కటే ఏ పుస్తకంలో మిగిలిందో ఎంత ఆలోచించినా గుర్తు రాదు. అప్పటికి గొంతుల సంగతే మరిచిపోయి, కథలో పడిపోయి ఉంటాను.