గ్రాంటుకు పెట్టిన పసుపు

కరోనా రెండో ఏడు సూరత్‌లో చీరలు కొనేవాళ్లు లేక మా ఉధ్నా పేటలో మగ్గాలు సగం పడుకున్నాయి. మా ఇంటి కింద గదిలో బాపు నడిపే చిన్న మగ్గం మాత్రం ప్రొస్టేట్ క్యాన్సర్ కోసం లేచి కూర్చుంది. అంతకుముందు అది చీర అంచులకు కుట్టే సన్న పట్టీలు నేసేది.

ఆలోచన మా అక్కది. యూనివర్సిటీ ల్యాబులో ఆమె పరిశోధన ఇదే. రసాయనం పట్టించిన పట్టుదారంతో వేలెడు పట్టీ నేయాలి. దాని మీద మూత్రం చుక్క, తర్వాత రంగు తేల్చే ద్రవం ఇంకో చుక్క వేయాలి. ప్రొస్టేట్‌లో తేడా ఉంటే ఎర్రగీత కనబడాలి. రోజు కూలి పోతుందని పరీక్షలకు వెళ్లక, రోగం ముదిరాక ఆసుపత్రి మెట్లెక్కే మగ్గం పనివాళ్ల మధ్య పెరిగింది కాబట్టి ఆమెకు ఆ ఆలోచన వచ్చింది. నేనూ అక్కడే పెరిగాను. నాకేమీ రాలేదు.

ఆమె ఫెలోషిప్ అయిపోయింది. ఇక మిగిలిన దారి, ప్రొస్టేట్ క్యాన్సర్ మీద కొత్త ఆలోచనలకు డబ్బిచ్చే ఒక సంస్థ గ్రాంటు. అది రాకపోతే పరిశోధన ఆగిపోతుంది, అక్క కోచింగ్ సెంటర్లో ఆన్‌లైన్ పాఠాలు చెప్పుకోవాలి. చిన్నప్పుడు ఆమె నాకు లెక్కలు నేర్పిన తీరు గుర్తుంది కాబట్టి, దేశంలోని పిల్లల క్షేమం కోరి నేనూ గ్రాంటు రావాలనే మొక్కుకున్నాను.

చివరి రౌండుకు పిలుపొచ్చింది. వీడియో కాల్‌లో నిపుణుల ముందు పరీక్ష చేసి చూపించాలి. ల్యాబులో చేత్తో అల్లిన ముక్కలన్నీ అయిపోయాయి, ఫొటోలే మిగిలాయి. ల్యాబుకు తాళం. ఇక మామూలు మగ్గం మీద కూడా ఈ పట్టీ నేయొచ్చని చూపిస్తే మంచిదే కదా అని, అక్క దారం తెచ్చి బాపుకిచ్చింది. మాస్కు తీయొద్దు, గ్లౌజులు లేకుండా ముట్టొద్దు, పక్కన తుమ్మొద్దు అని చెప్పింది. బాపు రెండ్రోజులు డాక్టరులా తిరిగాడు. పట్టీ చుట్ట చక్కగా వచ్చింది.

కాల్‌కు గంట ముందు అక్క ఒకసారి సరిచూసుకుందామని పట్టీ మీద ఉత్త కుళాయి నీళ్లు వేసింది. ద్రవం చుక్క పడగానే పట్టీ అంతా ఎర్రబడింది.

"ఏందే, నీళ్లకు గూడ ప్రొస్టేటున్నదా?" అన్నాను.

"నోర్ముయ్‌రా."

సీసా నీళ్లు వేసింది. ఎరుపు. నేను చల్లారిన చాయ్ వేశాను. పాపం, దానికీ ఉంది.

"బాపూ, దారానికి ఏమన్న తగిలిందా?"

"ఏం తగల్లే బిడ్డా. నువ్వు చెప్పినట్టే చేసిన. పసుపు గూడ మీ అమ్మ గ్లౌజులు ఏస్కొనే పెట్టింది."

అక్క స్టూలు మీద కూలబడింది. "పసుపా?"

"మరి కొత్త బీమ్‌కు పసుపు పెట్టకుంట మగ్గం ఎక్కిస్తరా ఎక్కడన్న?" అన్నాడు బాపు. పడుగు దారం చుట్టిన ఆ దుంగకు పసుపు, కుంకుమ పెట్టకుండా మా వంశంలో ఎవరూ నేత మొదలుపెట్టలేదు.

"నీ గ్రాంటుదని జర ఎక్కువనే పెట్టిన," అంది అమ్మ. "ఆ కొసకెల్లి ఈ కొసదాంక."

పలచటి పసుపు, పట్టుదారం రంగులోనే కలిసిపోయింది. రంగు తేల్చే ద్రవంలో క్షారం ఉంటుంది. పసుపు నీళ్లలో సున్నం పడితే ఎర్రబడుతుంది, దిష్టి తీసే ఎర్రనీళ్లు అలాగే తయారవుతాయి. అక్క గ్రాంటుకు మావాళ్లు ముందే దిష్టి తీసిపెట్టారన్నమాట.

"నెట్ పోయిందని చెప్పు," అని సలహా ఇచ్చాను. "మా కాలేజీ మొత్తం గా మాట మీదనే నడుస్తున్నది."

అక్క మొహం కడుక్కొచ్చి లాప్‌టాప్ ముందు కూర్చుంది. తెర మీద అయిదు మొహాలు. నమస్కారాలయ్యాక పట్టీ మీద నీళ్లు వేసి, ఎరుపు చూపించి, "ఇది ఉత్త నీళ్లండీ. మీకు చూపించాల్సింది ఇది కాదు," అని జరిగిందంతా ఇంగ్లీషులో చెప్పేసింది. పక్కనే ల్యాబులో తీసిన ఫొటోలూ చూపించింది.

తలుపు వెనక బాపు నా భుజం గిల్లాడు. "నవ్వుతున్నరా, తిడుతున్నరా?"

"మ్యూట్‌ల ఉన్నరు బాపూ."

తెల్లజుట్టు డాక్టరమ్మ ఒకామె మ్యూట్ తీసింది. ఇదే తప్పు వేల పట్టీలు బయటికెళ్లాక జరిగితే ఏం చేస్తావని అడిగింది. నవ్వలేదు.

"ప్రతి చుట్టలో మొదటి ముక్కనూ చివరి ముక్కనూ ముందుగా నీళ్లతో పరీక్షిస్తాం. నీళ్లకు రంగొస్తే ఆ చుట్ట మొత్తం తీసేస్తాం," అంది అక్క. "గంట కిందటి వరకు ఇది నా ప్లాన్‌లో లేదు."

డాక్టరమ్మ ఏదో రాసుకుని, అమ్మను చూడొచ్చా అంది. అమ్మ మాస్కు మీద కొంగు కూడా కప్పుకుని కెమెరా ముందుకొచ్చింది. పసుపు ఎంత పెట్టారని హిందీలో అడిగితే, "థోడా హీ లగాయా జీ," అని, కొంచెమే పెట్టినట్టు తడుముకోకుండా చెప్పింది. అప్పుడు అయిదుగురూ నవ్వారు. ఇద్దరి నవ్వు మాకు వినబడలేదు, మ్యూట్.

కొన్ని వారాలకు మెయిల్ వచ్చింది. అక్క మేడ మీద బట్టలు ఆరేస్తూ ఫోన్ చూసి, "అమ్మా, వచ్చింది! వచ్చింది!" అని అరిచింది. ఎదురింటివాళ్లు కిటికీ మూసుకున్నారు. అమ్మ ఆక్సిమీటర్ పట్టుకుని మెట్లెక్కింది. సంగతి తెలిశాక ఆ ఆక్సిమీటర్‌తోనే అక్కను నెత్తి మీద ఒకటిచ్చి, తర్వాత గట్టిగా పట్టుకుంది. బాపు "ఇగ నీ పని ఆగదు గద బిడ్డా?" అని మూడుసార్లు అడిగి, మూడుసార్లూ "ఆగదు" అనిపించుకున్నాడు.

అన్ని అనుమతులూ వచ్చి, మగ్గాలు మళ్లీ మోగడం మొదలయ్యాక, యాభై దాటిన మగవాళ్ల నమూనాలు కావాలంది అక్క. ఆదివారం పొద్దున బాపు తన దోస్తులను తోలుకొచ్చాడు. గల్లీలో దూరం దూరంగా కుర్చీలు వేశాం. అందరి చేతుల్లో మూతల డబ్బీలు, అందరి మొహాల్లో పెళ్లిచూపుల సిగ్గు. చెంబులకు చెంబులు నీళ్లు తాగుతున్నారు.

"అన్నా, నాకు ఇంక వస్తలేదే," అన్నాడొక కాక.

"రాకపోతే కూసో. ఇయ్యాల సేఠ్ తోలుతున్నడా నిన్ను?" అన్నాడు బాపు.

మొదట లేచి వెళ్లిన మామ నిండు డబ్బీతో తిరిగొచ్చి, అందరికీ కనబడేలా ఎత్తిపట్టుకుని, అక్క చేతికిచ్చాడు. "సరిపోతదా బిడ్డా? ఇంకా కావాల్నంటే ఉన్నది."

అక్క నవ్వాపుకుంటూ డబ్బీకి చీటీ అంటించింది. కుర్చీల్లో ఉన్నవాళ్లంతా ఒకేసారి నన్ను నీళ్లు అడిగారు.