మామయ్య నిలబడిన చోటు

ముందే చెప్పేస్తున్నాను, ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే లేచి పక్క గదిలోకి వెళ్లిపోయే రకం నేను. గుంటూరులో మా పిన్ని దిష్టి తీస్తానంటే, ఉప్పు దండగ ఎందుకు పిన్నీ అని వెక్కిరించేదాన్ని. చెన్నైలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. ఎక్కడైనా తప్పు కనిపిస్తే దానికో కారణం ఉండి తీరుతుంది, దొరికేదాకా వెతకాలి, అంతే. ఈ సంగతినీ అలాగే వెతికాను. దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

మా అత్తగారివాళ్లు తాతల కాలం నుంచీ చెన్నైలో ఉన్న తెలుగువాళ్లు. పురసవాక్కంలో ఇల్లు. మామయ్య టి. నగర్‌లో ఒక చీరల కొట్లో సేల్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. మా ఆయనకు ఎప్పుడూ రాత్రి షిఫ్టులే, ఆదివారం వచ్చిందంటే మధ్యాహ్నం దాకా లేవడు. ఆ ఆదివారాల్లో ఏం తోచక నేను కెమెరా పట్టుకున్నాను.

కెమెరా మా ఆయన స్నేహితుడిది. కొత్తది కొనుక్కుని పాతది నాకు ఇచ్చేశాడు, లెన్స్ లేకుండా. కొత్త లెన్స్‌ల ధరలు చూసి కళ్లు తిరిగాయి. చివరికి ఫిల్మ్ కెమెరాల కాలం నాటి పాత లెన్స్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరికింది. దాన్ని నా కెమెరాకు తగిలించడానికి ఇంకో చవక రింగు కొన్నాను.

ఈ లెన్స్ గురించి ఒక్క మాట చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఇది తనంతట తాను ఫోకస్ చేసుకోదు. దాని చుట్టూ ఉన్న రింగును మనమే చేత్తో తిప్పుకోవాలి. ఎంత దూరానికి తిప్పితే సరిగ్గా ఆ దూరంలో ఉన్నదే స్పష్టంగా వస్తుంది. దానికి కాస్త ముందూ వెనకా ఉన్నదంతా మసకే. నేను మెల్లగా తిప్పుకునేలోపు రోడ్డు మీద మనుషులు ఆగుతారా? ఎవరిని తీద్దామన్నా వెళ్లిపోయేవారు. మొదటి నెలలో తీసినవన్నీ మసక వీపులే.

ఆడపిల్ల ఒక్కతే సందుల్లో కెమెరా పట్టుకుని తిరగడమేంటని మామయ్య నాకు తోడు వచ్చేవారు. నా అవస్థ చూసి ఉపాయం చెప్పింది కూడా ఆయనే.

"ఏమ్మా, నేను ఆడ నిలబడతా. నన్ను చూసి ఆ రింగు తిప్పుకో. నేను తప్పుకున్నాక ఆ చోటికి ఎవురైనా వస్తే నొక్కేయ్."

అంతసేపు నిలబడితే మీ మోకాళ్లకు కష్టం కదా మామయ్యా అంటే నవ్వారు. "నిలబడే కదమ్మా నేను సంపాదించింది. నిలబడేదానికి నాకు కొత్తగా నేర్పేదేముండాది?"

అప్పటి నుంచి అదే మా పద్ధతి. చింతాద్రిపేటలో, పాండీ బజార్‌లో, బీచ్‌లో, ఎక్కడికి వెళ్లినా మామయ్య పది పన్నెండు అడుగుల దూరం వెళ్లి, చేతిసంచి పట్టుకుని నిలబడేవారు. నేను ఆయన కళ్లజోడు మీద ఫోకస్ చేసుకుని చెయ్యి ఊపేదాన్ని. ఆయన టక్కున పక్కకు జరిగేవారు. ఆ చోటికి ఎవరో ఒకరు రాగానే నేను నొక్కేదాన్ని. అప్పుడు మోకాలు పట్టుకుంటూ మెల్లగా నడుచుకుంటూ వచ్చేవారు.

"ఏదీ, చూపీ."

ఎండలో కెమెరా వెనక స్క్రీన్ కనిపించదు కదా. ఆయన నా ఎడమ పక్కన నిలబడి, దాని మీద అరచెయ్యి అడ్డం పెట్టేవారు. ఆ నీడలో ఇద్దరం చూసేవాళ్లం. ఫోటో ఎలా ఉంది మామయ్యా అంటే ఏనాడూ ఫోటో గురించి చెప్పలేదు. "ఆ చీర పట్టు కాదమ్మా. పాపం, ఎవురో పట్టని చెప్పి అంటగట్టేసినారు" అనేవారు.

మిమ్మల్ని కూడా ఒకటి తీస్తానంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. కొట్లో కొనడానికి వచ్చినావిడ భుజం మీద చీర వేసి, అద్దంలోంచి తను తప్పుకోవడం ఆయనకు జీవితమంతా అలవాటు. "సరుకు కనపడాలమ్మా, అమ్మేవోడు కనపడకూడదు" అనేవారు. నేను నొక్కబోతే చాలు, ఫ్రేములోంచి మాయం.

పోయినేడాది ఒకరోజు పొద్దున కాఫీ తాగి, పేపర్ చదువుతూ కుర్చీలోనే పోయారు. గుండె అన్నారు.

నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లకు కాఫీలు కలిపాను, ఫోన్లు చేశాను, ఐస్ బాక్స్ తెప్పించాను. మా ఆయన గోడకు తల కొట్టుకుంటుంటే పట్టుకున్నాను. నా కళ్లు మాత్రం తడవలేదు. వెనక ఎవరో పెద్దావిడ అంటోంది, "గుంటూరు పిల్ల, రాయి మాదిరి ఉండాది చూడు." నాకు కోపం రాలేదు. నిజమే కదా అనుకున్నాను.

తర్వాత నెలల్లోనూ అంతే. తినేదాన్ని, రుచి తెలిసేది కాదు. ఆఫీసులో ఎవరో జోకు వేస్తే అందరూ నవ్వాక నవ్వేదాన్ని. నన్ను కన్నకూతురిలా చూసుకున్న మనిషి పోతే ఒక్క కన్నీటి చుక్క రాలేదంటే, నాలో ఏదో చచ్చిపోయి ఉండాలి. ఆ మాట తలుచుకుంటే భయం వేయాలి. అది కూడా వేయలేదు.

అత్తయ్య ఒక్కసారే అడిగింది. "వారం వారం కెమెరా ఏసుకుని తిరిగినారే. ఒక్క ఫోటో తీయలేదామ్మే ఆయన్ని?"

తీసినవన్నీ మొదటి నుంచి చివరిదాకా చూశాను. వందల ఫోటోలు. ఒకదాంట్లో మోచెయ్యి, ఇంకోదాంట్లో సంచి అంచు, మరోదాంట్లో పంచె కొస. మనిషి లేడు. గోడకు ఆధార్ కార్డు మీది ఫోటోనే పెద్దది చేయించి పెట్టాం. అందులో ఆయన ఎదురుగా దొంగెవడో ఉన్నట్టు చూస్తుంటారు. దాని ముందు నిలబడినా నాకు ఏడుపు రాలేదు.

ఇంట్లో కూర్చుని బండబారిపోతున్నావని మా ఆయనే అల్మరాలోంచి కెమెరా తీసి చేతికిచ్చాడు. వద్దనడానికి కూడా ఓపిక లేక వెళ్లాను.

మొదట చింతాద్రిపేట. ఒక కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని పూలు కడుతున్న ఆవిడను అడిగి తీశాను. స్క్రీన్ మీద పెద్దది చేసి, ఆవిడ కనురెప్పలు కనిపించేదాకా రింగు తిప్పి మరీ నొక్కాను. ఇంటికొచ్చి చూస్తే ఆవిడ మసక. ఆవిడకు వెనకగా, ఫుట్‌పాత్ మీద ఖాళీగా ఉన్న ఒక చోటు మాత్రం అద్దంలా ఉంది. రాతిలో పగులు, అందులో ఇరుక్కున్న సోడా మూత కూడా కనిపిస్తున్నాయి. ఆ చోట ఎవరూ లేరు. ఆ రోజు తీసినవన్నీ అలాగే వచ్చాయి. తీయాలనుకున్నది మసక, పది పన్నెండు అడుగుల దూరంలో ఏదో ఒక ఖాళీ చోటు స్పష్టం.

చెయ్యి అలవాటు తప్పింది అనుకున్నాను. మరుసటి వారం పాండీ బజార్. మళ్లీ అంతే. ఈసారి ఖాళీ చోటు కొంచెం ఇవతలగా ఉంది.

లెన్స్ పాడైందన్నాను. "ఆడలేక మద్దెల ఓడన్నాడంట" అని మా ఆయన నవ్వాడు. సరే, పరీక్ష పెట్టాను. ఇంట్లో గోడకు న్యూస్‌పేపర్ అంటించి తీస్తే, ఎక్కడ ఫోకస్ చేస్తే అక్కడే స్పష్టంగా వచ్చింది. రిపేరు షాపులో ఇస్తే అతను తిప్పి తిప్పి చూసి, లెన్స్‌లో ఏ లోపమూ లేదన్నాడు. ఒక ఆదివారం మా ఆయన్ని నిద్రలేపి బీచ్‌కు తీసుకెళ్లి, అదే లెన్స్ ఇచ్చి తీయమన్నాను. అతను తీసినవి బాగానే వచ్చాయి. అక్కడే నిలబడి అదే పడవను నేను తీస్తే, పడవ మసక, మధ్యలో ఉన్న ఇసుక స్పష్టం.

చివరికి రింగును దూరం చివరికంటా తిప్పి, కదలకుండా టేపు చుట్టేశాను. అలా చుడితే దూరంగా ఉన్నవే స్పష్టంగా రావాలి, దగ్గరున్నది ఏదీ రాకూడదు. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నట్టుండాది నీ వరస" అన్నాడు మా ఆయన. టేపు కదల్లేదు. ఫోటోలో మాత్రం నాకు ఐదారు అడుగుల దూరంలో నేల స్పష్టంగా ఉంది.

ఆ రాత్రి ఆ ఫోటోలన్నీ తీసిన వరుసలో పెట్టి చూశాను. తప్పు దొరకనప్పుడు ఆఫీసులో చేసే పనే అది. స్పష్టంగా ఉన్న చోటు వారం వారం దగ్గరకు వస్తోంది. ఎక్కడో మొదలై, ఆగి ఆగి, నా వైపు. మోకాళ్లు నొప్పిగా ఉన్న మనిషి నడిచినట్టు.

అర్థమైంది. ఒంట్లో ఏమీ కదల్లేదు. భయం లేదు, సంతోషం లేదు. ఓహో అనుకున్నాను. లేచి కుక్కర్ కడుక్కుని పడుకున్నాను.

మరునాడు అత్తయ్య చిక్కుళ్లు ఒలుస్తుంటే పక్కన కూర్చుని అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ తలెత్తకుండానే అంది, "వస్తా ఉంటాడులే. నువ్వు తీసింది చూడకుండా ఆయనెప్పుడు ఇంటికి పోయినాడు?" పాలవాడు ఇంకా రాలేదేమని అడిగితే చెప్పినట్టు చెప్పింది. చెప్పి, చిక్కుళ్ల గిన్నె నా ముందుకు తోసింది.

సంవత్సరీకానికి ముందు ఆదివారం మళ్లీ చింతాద్రిపేట వెళ్లాను. కూవం నది మీద వంతెన దగ్గర నిలబడ్డాను. ఎండ ఎడమవైపు నుంచి కొడుతోంది. టేపు అలాగే ఉంది. వంతెన అవతలి కొసకు పెట్టి నొక్కాను.

కెమెరా దించి చూశాను. ఫోటోలో ఏదీ స్పష్టంగా లేదు. వంతెన లేదు, ఆటోలు లేవు, నా కాళ్ల దగ్గరి నేల కూడా లేదు. అంతా రంగులు కలిసిపోయి ఉంది. ఈ లెన్స్ అడుగున్నర కన్నా దగ్గర ఉన్నదాన్ని చూడలేదు. అంతకన్నా దగ్గరకు ఏది వచ్చినా దానికి అందదు.

అప్పుడు తట్టింది నాకు. ఇంత ఎండలో స్క్రీన్ మీద ఇదంతా నాకెలా కనిపిస్తోంది?

స్క్రీన్ నీడలో ఉంది. అదొక్కటే. నా వేళ్ల మీద ఎండ ఉంది, మణికట్టు చురుక్కుమంటోంది. పైన చెట్టు లేదు, పందిరి లేదు, కరెంటు తీగ కూడా లేదు. నా నీడ నాకు కుడివైపు పడి ఉంది. పక్కన ఎవరూ లేరు. స్క్రీన్ మీద మాత్రం అరచెయ్యంత నీడ.

ఏమీ వినపడలేదు. ఎవరూ ముట్టుకోలేదు. లేనిపోనివి కల్పించి చెప్పను. నా చేతులే అలవాటుగా కెమెరాను కాస్త ఎడమకు వంచాయి.

"బాగా రాలేదు మామయ్యా. అంతా మసకే" అన్నాను, పైకే.

అంతే, ఏడుపు వచ్చేసింది. ఏడాది బట్టి ఎక్కడ దాక్కుందో, వంతెన పిట్టగోడ పట్టుకుని, నలుగురూ చూస్తుండగా, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. ఒక ఆటో అతను బండి ఆపి "ఎన్నమ్మా ఆచ్చు?" అని అడిగాడు. ఏమైందో నాకు తెలిస్తే కదా చెప్పడానికి. నీళ్ల సీసా ఇస్తే తాగాను. తేరుకుని కెమెరా చూసుకుంటే స్క్రీన్ నిండా ఎండ. ఏమీ కనిపించలేదు.

మబ్బు అడ్డం వచ్చి ఉంటుందని మా ఆయన అన్నాడు. మబ్బు అరచెయ్యంత ఉంటుందా? నీళ్లు నిండిన కళ్లకు అలా అనిపించి ఉంటుందని ఆఫీసులో ఒకమ్మాయి అంది. నీడ చూశాకే నేను ఏడ్చాను, ముందు కాదు. ఫోకస్ సంగతికైతే ఎవరూ ఏ కారణమూ చెప్పలేదు. ఆ ఫోటోలన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఎన్నోసార్లు పరీక్షించాను, ఇప్పటికీ నాకు లెక్క తేలలేదు.

సంవత్సరీకం అయ్యాక టేపు తీసేశాను. ఆ రోజు నుంచి లెన్స్ శుభ్రంగా పనిచేస్తోంది. పూలావిడ కళ్ల మీద ఫోకస్ చేస్తే ఆవిడ కళ్లే స్పష్టంగా వస్తున్నాయి. ఒక్కటీ తప్పట్లేదు. ఫోటోలు చాలా బాగుంటున్నాయని అందరూ అంటున్నారు.

నొక్కిన ప్రతిసారీ కెమెరాను కాస్త ఎడమకు వంచి, కొంచెంసేపు ఆగుతాను. ఎండే పడుతోంది.