మంచం కింద అత్తగారూ నేనూ

పెళ్లయిన ఆ కొత్త రోజుల్లో నా ధైర్యం మీద నాకు మహా నమ్మకం ఉండేది. సత్తెనపల్లి పిల్లని, మిరపకాయల ఘాటులో పెరిగినదాన్ని, నన్నేది భయపెడుతుందిలే అనుకుంటూ చీరాల వైపు, సముద్రం దగ్గరున్న అత్తగారి ఊరికి కాపరానికి వచ్చాను. ఆ దగ్గర్లోనే వాయుసేన స్థావరం ఉందని పెళ్లిచూపుల్లో ఎవరూ చెప్పలేదు (అబ్బాయికి జుట్టు రాలిపోతోందనీ చెప్పలేదు, అది వేరే సంగతి).

వచ్చిన వారంలోనే ఒక పొద్దున, అత్తగారు వసారాలో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. మామయ్యగారికి కాఫీ ఇచ్చి వెనక్కి తిరిగానో లేదో, ఢామ్మని ఆకాశం విరిగి మీద పడ్డంత చప్పుడు! కిటికీ రెక్కలు గడగడలాడాయి. యుద్ధం వచ్చేసిందనుకున్నాను. "అత్తయ్యా!" అని ఒక్క కేక పెట్టి, ఆవిణ్ణి చెయ్యి పట్టి లాగి, మంచం కిందికి తోసి, నేనూ దూరిపోయాను. చిక్కుడుకాయలు వసారా అంతా చెల్లాచెదురు. పాపం, ఆవిడ ఉన్న దేవుళ్లందరికీ దణ్ణాలు పెట్టేశారు (చప్పుడుకి కాదు, నాకు జడిసి).

కాసేపటికి మంచం పక్కన మామయ్యగారి మొహం కనిపించింది. చేతిలో కాఫీ గ్లాసు చెక్కుచెదరలేదు. "ఏం లేదమ్మా, మనవాళ్లే. సముద్రం మీదికి క్షిపణి వదిలారు" అన్నారు. అక్కడితో ఊరుకున్నారా? "తెల్లవాళ్ల కాలంలో, పెద్ద యుద్ధమప్పుడు వేశారమ్మా ఆ స్థావరం రన్‌వే. విమానం దిగుతుంటే ఊరంతా పరిగెత్తుకెళ్లి చూసేవాళ్లని మా నాన్న చెప్పేవాడు. యుద్ధమయ్యాక అక్కడ గొడ్లు మేసేవట. ఇప్పుడు మనవాళ్లు క్షిపణులు వదిలి గురి చూసుకుంటున్నారు. వదిలే రోజు వేటకి పోవద్దని జాలర్లకి ముందే చెబుతారు" అంటూ మా ఇద్దరికీ తీరిగ్గా చరిత్ర చెప్పుకొచ్చారు.

"జాలర్లకి చెబుతారు సరే, కోడలికి చెప్పొద్దూ!" అని మంచం కిందనుంచే అరిచారు అత్తగారు.

ఇంతలో మా ఆయన ఒంటినిండా సబ్బునురగతో, తువ్వాలు చుట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. సంగతి విని మొహం మాడ్చుకున్నాడు. "నేను స్నానాలగదిలో ఉన్నానని నీకు గుర్తే రాలేదా?"

నిజం చెప్పొద్దూ, రాలేదు.

"దానికి ముందు నేనే గుర్తొచ్చానురా" అన్నారు అత్తగారు, గీరుకుపోయిన మోచేతికి నా చేత కొబ్బరినూనె రాయించుకుంటూ. సాయంత్రానికి ఆ మాట వీధి వీధంతా చెప్పుకొచ్చారు.

ఇప్పుడా చప్పుడుకి నేను పొయ్యి మీదనుంచి చూపైనా తిప్పను. అయినా కిటికీలు అదిరినప్పుడల్లా ఆ పిచ్చిపిల్ల గుర్తొస్తుంది. లోకం మునిగిపోతోందనుకుని, అప్పటికింకా సరిగ్గా పరిచయమైనా లేని మనిషిని గట్టిగా పట్టుకుని లాగిన పిల్ల. ముచ్చటేస్తుంది. ఇప్పుడైతే అంత చురుగ్గా వంగలేను, నడుము ఒప్పుకోదు.